కాటా మీద తగ్గని బరువు: ఒక ముసలి గినీ పిగ్ చివరి నాలుగు వారాలు

రోగి పేరు బూరె. ఆడ గినీ పిగ్ (ఎలుకల కోవకి చెందిన, గడ్డి తినే చిన్న పెంపుడు జంతువు), వయసు ఆరున్నరేళ్లు. తోడుగా గారె ఉంది, నాలుగేళ్లది, అదీ ఆడదే. ఇంటివాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లెవరో తెలిసిపోయే వివరాలు మాత్రం మార్చాను.

బూరెని కొన్నది మనవరాలి ముచ్చట కోసం. ఆ పిల్ల ఇంటర్ హాస్టల్‌కి వెళ్లిపోయాక పెంపకం అమ్మమ్మ చేతికొచ్చింది. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు. ఫిబ్రవరి 24న బుట్టలో పాత నేతచీర ముక్క పరిచి, అందులో బూరెని పెట్టుకుని ఆటోలో మా క్లినిక్‌కి వచ్చారు. బల్ల మీద దించకముందే చెప్పారు: "ఆకు చూడగానే పరిగెత్తుకొస్తుందమ్మా. నోట్లో పెట్టుకుంటుంది. మళ్లీ కింద వదిలేస్తుంది. నా మీద అలిగినట్టు."

ఆ మాటతో సగం జబ్బు తెలిసిపోయింది. ఆకలి చచ్చిపోయిన గినీ పిగ్ ఆకు దగ్గరికే రాదు. వచ్చి, నోట్లో పెట్టుకుని, వదిలేస్తోందంటే గొడవ పళ్లలో ఉన్నట్టు. ఈ జంతువుకి 20 పళ్లు, అన్నీ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి నమిలి అరిగితేనే కొలతలో ఉంటాయి. కింది దవడ పళ్లు లోపలికి వాలి ఉంటాయి. అరగకపోతే రెండు వైపుల నుంచీ నాలుక మీదికి వంతెనలా పెరుగుతాయి. నాలుక కింద ఇరుక్కుపోతుంది. ఆకలి ఉంటుంది, మింగడం కుదరదు.

అంతకు ఏడాది ముందు గోళ్లు తీయించడానికి వచ్చినప్పుడు బూరె బరువు 960 గ్రాములు. ఇప్పుడు 871. గడ్డం కింద తడి. పెంటికలు చిన్నవై, ఎండిపోయి, ఒక కొస సూదిగా ఉన్నాయి. రెండు డొక్కల దగ్గరా ఒకే తీరుగా బొచ్చు పల్చబడింది, గోకుడు మాత్రం లేదు. అలా బొచ్చు పోయిన ముసలి ఆడ గినీ పిగ్‌ని చూస్తే చెయ్యి దానంతట అదే పొట్ట మీదికి పోతుంది. ఈ వయసులో అండాశయాల్లో నీటి సంచులు చాలా మామూలు. స్కానింగ్‌లో కుడివైపు సంచి 3.5 సెంటీమీటర్లు, ఎడమవైపుది 2. ఎక్స్‌రేలో కింది పళ్ల వేర్లు దవడ ఎముకలోకి దిగబడి ఉన్నాయి. వెనక మోకీళ్లు అరిగాయి.

మూడు జబ్బులు, ఏదీ రేపో ఎల్లుండో ప్రాణం తీసేది కాదు. పళ్ల వేర్లు వెనక్కి రావు, మోకీళ్లు కొత్తవి కావు, సంచులు పోవాలంటే పొట్ట కొయ్యాలి. ఒక్క పెద్ద జబ్బు ఉంటే ఇంటివాళ్లకి నిర్ణయం తేలిక. ఇలా మూడు చిన్నవి కలిసి వచ్చినప్పుడు ఏ రోజుకారోజు "ఇంకా ఫర్వాలేదు" అనిపిస్తుంది. అలా అనిపిస్తూనే నెల గడిచిపోతుంది.

26న గ్యాస్ మత్తిచ్చి పళ్లు అరగదీశాం. ఇక్కడో మాట: మత్తుకి ముందు కుక్కల్లాగా రాత్రంతా పస్తు పెట్టే జంతువు కాదిది. వాంతి చేసుకోవడం దీనికి చేతకాదు కాబట్టి ఆ భయం లేదు, ఖాళీ కడుపుతో ఉంచితే పేగు ఆగిపోయే భయమే ఎక్కువ. ఎడమవైపు మొనదేలిన పన్ను నాలుకని గాటు పెట్టింది. అది చూపిస్తే అమ్మమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనేమో అలిగిందనుకున్నాను" అన్నారు.

ఇంటికి పంపేటప్పుడు రోజూ నొప్పి తగ్గించే మెలాక్సికామ్ చుక్కలు, రోజుకు 50 మిల్లీగ్రాముల విటమిన్ సి రాశాను. గినీ పిగ్ ఒళ్లు మనలాగే విటమిన్ సి తయారుచేసుకోలేదు, జబ్బులో ఇంకా ఎక్కువ కావాలి. దాన్ని నీళ్ల సీసాలో కలిపితే బలం పోతుంది, నోట్లోకే వెయ్యాలి. పెల్లెట్లు (గినీ పిగ్‌లకి పెట్టే గుళికల దాణా) నానబెట్టి, గుజ్జు చేసి, సిరంజితో రోజుకి ఐదుసార్లు 10 మిల్లీలీటర్ల చొప్పున పెట్టమన్నాను. పక్కవీధి మందుల షాపులో పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ రెండు చుక్కలు వేస్తే వాపు తగ్గుతుందని ఎవరో చెప్పారట. అదృష్టవశాత్తూ ముందు నాకు ఫోన్ చేశారు. ఆ జాతి యాంటీబయాటిక్ నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ పేగుల్లో మంచి సూక్ష్మజీవులన్నీ పోయి విషక్రిములు పెరుగుతాయి. మనిషి పిల్లలకి వేసే మందే దీని ప్రాణం తీయగలదు.

అమ్మమ్మగారి హాజరు పట్టీ

రాసి పెట్టమని అందరికీ చెప్తాను. పదిమందిలో ఇద్దరు రాస్తారు, అదీ నాలుగు రోజులు. ఈవిడ పాత హాజరు పట్టీ ఒకటి తీసి గీతలు కొట్టి గళ్లు చేశారు. పొద్దున బరువు, సిరంజి ఎన్ని మిల్లీలీటర్లు, తనంతట తాను ఏం తింది, పెంటికలు ఎన్ని. చివరి గడి నేను చెప్పింది కాదు, ఆవిడే పెట్టుకున్నారు: "పిలుపు". రోజూ సాయంత్రం కొత్తిమీర కవరు చప్పుడు వినగానే బూరె, గారె ఇద్దరూ కువ్వుకువ్వుమని ఇల్లెగిరేలా అరుస్తాయి. అరిస్తే "హా", లేకపోతే "గై". హాజరు, గైరుహాజరు.

ఆ పట్టీ ఫొటో రెండ్రోజులకోసారి నాకు వాట్సాప్‌లో వచ్చేది. మార్చి 1: 866. మార్చి 5: 870. మార్చి 9: 864. మార్చి 13: 867. ప్రతి గడిలో "హా". నేను బొటనవేలు గుర్తు పెట్టి, "బాగుంది అమ్మగారూ, ఇలాగే కానివ్వండి" అని రాసేదాన్ని.

ఇందులో తప్పు నాది. చేత్తో పట్టుకుని చూడకుండా అంకెల్ని నమ్మాను.

మార్చి 17న తీసుకొచ్చారు. కాటా మీద 868. ఎత్తుకోగానే వేళ్లకి వెన్నెముక కణుపు కణుపుగా తగిలింది. తుంటి ఎముకలు మొనదేలాయి. పొట్ట మాత్రం జాంపండులా గుండ్రంగా ఉంది. స్కాన్ చేస్తే కుడివైపు సంచి 5 సెంటీమీటర్లు దాటింది. కొద్దిగా మత్తిచ్చి, స్కానింగ్‌లో చూసుకుంటూ సూదితో తీస్తే 54 మిల్లీలీటర్ల తేటనీరు వచ్చింది. మళ్లీ కాటా మీద పెడితే 814.

ఆ మూడు వారాలూ ఒంట్లో కండ కరుగుతుంటే, కరిగినంతా పొట్టలో నీరు నింపుతూ వచ్చింది. కాటాకి కండా నీరూ తేడా తెలియదు. పట్టీలో తప్పు లేదు, ఆవిడ రాసిన ప్రతి అంకె నిజం. ఆ అంకెలు బాగున్నాయని తేల్చింది నేను. సంచులున్న జంతువుకి వారానికోసారి వీపు తడిమి చూడాలని ఇంటివాళ్లకి మొదటి రోజే నేర్పించి ఉండాల్సింది. వేళ్లు వెన్ను మీద పెట్టి నడిపించడానికి చదువక్కర్లేదు: గినీ పిగ్ వెన్ను పిడికిలి కణుపుల్లా గరుగ్గా తగిలితే చిక్కినట్టు, అరచేతి వెనకలా తగిలితే బాగున్నట్టు.

మూడు దారులు, ఒక పరీక్షల టైమ్‌టేబుల్

ఆ రోజు అమ్మమ్మగారితో పాటు కూతురు కూడా వచ్చారు, బ్యాంకు ఉద్యోగం. నేను చెప్పినవి మూడు. ఒకటి, పెద్ద మత్తిచ్చి అండాశయాలు తీసేసి, అదే మత్తులో పళ్లు మళ్లీ అరగదీయడం. రెండు, నీరు నిండినప్పుడల్లా తీస్తూ, నొప్పి తగ్గిస్తూ, ఉన్నన్నాళ్లు హాయిగా ఉంచడం. మూడు, మరీ కష్టపడకముందే మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేయడం. హార్మోన్ ఇంజెక్షన్ల గురించి కూతురు నెట్‌లో చదివి వచ్చారు. ఆ ఇంజెక్షన్లు ఒక రకం సంచులకే పని చేస్తాయి. గినీ పిగ్‌లలో ఎక్కువగా కనిపించే నీటి సంచులు వాటికి లొంగవు.

ఆపరేషన్ మీద నా అభిప్రాయం దాచలేదు. బ్రిటన్‌లో 2008లో అచ్చయిన ఒక పెద్ద లెక్కలో మత్తుకి సంబంధించి చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39, గినీ పిగ్‌లలో 3.80. ఇది అన్ని వయసులూ కలిపిన లెక్క. ఆరున్నరేళ్లది, చిక్కిపోయినది, సరిగ్గా తినలేనిది అయితే ప్రమాదం ఇంకెంతో పైన. పైగా ఆపరేషన్ సాఫీగా అయినా పళ్ల వేర్లు అలాగే ఉంటాయి, నాలుగైదు వారాలకోసారి ఇదే తంతు. ఇదే బూరె మూడేళ్లప్పుడు సంచులతో వచ్చి ఉంటే ఆపరేషన్‌కి నేనే బతిమాలేదాన్ని.

డబ్బు సంగతి కూతురే ఎత్తారు. ఆఫీసులో ఎవరో "ఎలుకకి స్కానింగులా" అని నవ్వారట. ఒక్క స్కానింగ్ ఖర్చులో కొత్త గినీ పిగ్ వస్తుంది, నిజమే. ఖర్చు భరించలేమని చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదని వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను ముందే చెప్తాను. అది చెప్పకపోతే మనుషులు అప్పు చేసైనా తప్పుడు దారి ఎంచుకుంటారు. ఈ ఇంట్లో అడ్డం డబ్బు కాదు.

"25తో మా అమ్మాయి పరీక్షలు అయిపోతాయి మేడమ్. అప్పటిదాకా ఎలాగైనా లాగండి. బూరెకి ఒంట్లో బాగాలేదన్న సంగతి కూడా తనకి చెప్పలేదు" అన్నారు కూతురు.

ఇలాంటి మాట మార్చిలో ఏటా వింటాను. ఆవిడని తప్పుపట్టలేను. కానీ బూరె నాలుకకి టైమ్‌టేబుల్ తెలియదు. రెండో దారికి ఒప్పుకుని, షరతులు కాగితం మీద రాశాను. కొత్తిమీరకి పిలుపు వరుసగా రెండ్రోజులు లేకపోతే, లేదా సిరంజి గుజ్జు నోట్లోంచి జారిపోతే, లేదా పన్నెండు గంటల్లో పెంటికలు పదికి తగ్గితే, పరీక్షలున్నా లేకపోయినా ఆ రోజే నాకు ఫోన్. ముగ్గురం సంతకాలు పెట్టాం. దానికి చట్టబలం ఏమీ లేదు. ప్రాణం మీదికొచ్చిన రోజు మనసు కొత్త కొత్త సాకులు వెతుక్కుంటుంది. చల్లగా ఉన్న రోజు రాసుకున్న కాగితం అప్పుడు పనికొస్తుంది.

మార్కులు కూడా వేశాం. ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఇచ్చిన పట్టిక ఒకటి ఉంది: నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా. ఏడింటికీ పదేసి మార్కులు (నొప్పి తక్కువుంటే మార్కులు ఎక్కువ), 35 దాటితే బతుకు ఫర్వాలేదన్నట్టు. బూరెకి వరసగా 6, 3, 7, 7, 6, 6, 6 వేశాం. మొత్తం 41. కూతురి మొహం కొంచెం తేటపడింది.

అమ్మమ్మగారు కళ్లజోడు సర్దుకుని కాగితం తన వైపు తిప్పుకున్నారు. "మొత్తం కలిపి పాసేంటమ్మా? ఒక్క సబ్జెక్టు పోయినా ఫెయిలేగా. ఆకలిలో మూడొచ్చాయి."

ఆ పట్టికని నేను ఏళ్లుగా వాడుతున్నాను, నాకీ మాట తట్టలేదు. కుక్కకి నడక పోయినా తిండి మీద ఆశతో బతుకుతుంది. గినీ పిగ్‌కి తినడమే రోజంతా చేసే పని. పేగు ఆగకుండా కదులుతూ ఉండాలి, ఆగితే గ్యాస్ పడుతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది, ఒకటిన్నర రోజులో పరిస్థితి చేయి దాటుతుంది. పైగా నొప్పి మార్కు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది, ఎందుకంటే వేటాడి తినే జంతువుల కంట పడకుండా బతకాల్సిన ఈ జాతి నొప్పిని బయటికి చూపించదు. కళ్లు సగం మూయడం, బొచ్చు నిక్కబొడుచుకుని మూలకి ముడుచుకోవడం, పళ్లు కొరకడం కనిపించేసరికే చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఆ రోజు నుంచి నా పట్టికలో ఆకలికి విడిగా పాస్ మార్కు పెట్టాను: ఐదు.

గిన్నెలో చెంచా

నీరు తీసిన తర్వాత నాలుగు రోజులు బాగుంది. పొట్ట మీద ఒత్తిడి తగ్గింది కదా. తనంతట తాను గరిక నమిలింది, సన్నగా తరిగిన క్యాప్సికం తింది. కూతురు ఫోన్ చేసి "చూశారా మేడమ్" అన్నారు. అప్పటికే ఎండలు ముదిరాయి. 28 డిగ్రీలు దాటితే గినీ పిగ్‌కి కష్టం, అందుకని ఏసీ గదిలోకి మార్చారు.

21న పట్టీలో మొదటి "గై". 22న రెండోది. బరువు 779.

22 సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. అమ్మమ్మగారు వంటింట్లో స్టీలు గిన్నెలో పెల్లెట్ల గుజ్జు కలుపుతున్నారు. చెంచా గిన్నెకి తగిలి టింగుమంది. హాల్లో బోనులో బూరె ఆ చప్పుడు వినగానే లేచింది. లేచి, అరిగిన మోకీళ్ల మీద మెల్లగా తిరిగి, మొహం మూలకి పెట్టుకుని కూర్చుంది. గారె ఎప్పటిలాగే కమ్మీల దగ్గరికొచ్చి ముక్కు బయటపెట్టింది. ఆవిడ బూరెని చీర ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుని సిరంజి కొస పెదవి పక్కనుంచి తోశారు. రెండు మిల్లీలీటర్లు లోపలికెళ్లాయి. నమలలేదు. గుజ్జు గడ్డం మీదుగా చీర మీదికి జారింది.

"నాలుగు రోజుల కిందటి దాకా సిరంజి లాక్కునేది," అన్నారావిడ. "ఇప్పుడు నేనంటే భయపడుతోంది."

చెంచా చప్పుడుకి తల తిప్పేసుకోవడం ఏ పట్టికలోనూ ఉండదు. నేను మాత్రం ఇప్పుడు ఇంటికెళ్లినప్పుడు ముందు అదే చూస్తాను. తిండి పెట్టే మనిషిని చూసి జంతువు దాక్కుంటోందంటే, అప్పటినుంచి మనం చేసేది వైద్యం కాదు.

అప్పుడు అందరూ అడిగే ప్రశ్నే ఆవిడా అడిగారు. "దానంతట అది పోతే పాపం మనకి అంటదు కదమ్మా?" పాపపుణ్యాల లెక్క నాకు తెలియదు, నాకు తెలిసింది ఆ గంటలు. అవే చెప్పాను. దానంతట అది పోవడమంటే నిద్రలో పోవడం కాదు. పేగు ఆగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, పక్కకి ఒరిగిపోయి గంటలు గంటలు, ఒక్కోసారి రెండ్రోజులు. ఆవిడ విన్నారు. తర్వాత లేచి హాస్టల్‌కి ఫోన్ చేసి వార్డెన్‌ని బతిమాలి మనవరాలిని పిలిపించారు. కూతురికి చెప్పకుండానే.

నాకు వినిపించింది ఇటువైపు మాటలే. "లేదు తల్లీ, నిన్నటినుంచి కొత్తిమీరకి పిలవట్లేదు." చాలాసేపు మౌనం. "సరే. సరే." ఫోన్ పెట్టేసి, "దాన్ని ఏడిపించొద్దంది. కానీ నెల రోజులు నాకెందుకు చెప్పలేదని అడిగింది. ఏం చెప్పను?" అన్నారు.

ఆ ప్రశ్నలో నాకూ వాటా ఉంది. పిల్లకి చెప్పాలా వద్దా అన్నది నా పని కాదనుకుని ఊరుకున్నాను. ఇప్పుడైతే మొదటి రోజే అడుగుతాను: ఈ జంతువు ఎవరిది, వాళ్లకి తెలుసా అని. పదిహేడేళ్ల పిల్ల ఈ వార్త తట్టుకోగలదు. కూతురు నా మీద, వాళ్లమ్మ మీద కొన్నాళ్లు కోపంగానే ఉన్నారు. మరి ఆవిడ కోపం ఆవిడది.

మార్చి 23

ఇంట్లోనే చేశాం. బరువు 752. పొద్దున కొత్తిమీర కొమ్మ ఒకటి ముక్కు దగ్గర పెడితే వాసన చూసింది, అంతే.

ఇంటివాళ్లకి ముందే చెప్పాల్సినవి చెప్పాను. మొదట తొడ కండలో మత్తు ఇంజెక్షన్, మిడజోలం, కెటమిన్. పది పదిహేను నిమిషాలకి ఒళ్లు వదులవుతుంది. తర్వాత మాస్కుతో గ్యాస్. గిల్లినా కాలు వెనక్కి తీసుకోనంత మత్తు ఎక్కాకే చివరి మందు. చిన్న జంతువులకి సిర దొరకడం కష్టం, అందుకని గుండెలోకో పొట్టలోకో ఇస్తారు. మెలకువగా ఉన్న గినీ పిగ్‌కి నేరుగా గుండెలోకి సూది వేస్తామంటే మీరు ఒప్పుకోకండి, మత్తు ముందివ్వమని గట్టిగా అడగండి. కళ్లు తెరుచుకునే ఉంటాయి. చివర్లో కాలు ఒకసారి అదరచ్చు, మూత్రం పోవచ్చు. ముందే చెప్పకపోతే అది నొప్పి అనుకుని జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

మత్తు ఎక్కేదాకా అమ్మమ్మగారి ఒళ్లోనే ఉంది, అదే చీర ముక్కలో. మొత్తం అరగంట. స్టెతస్కోపు పెట్టి ఐదు నిమిషాలు విన్నాక చెప్పాను.

బూరె శరీరాన్ని గంటసేపు గారె బోనులో ఉంచాం. తోడు కనిపించకుండా మాయమైతే వెతికే గినీ పిగ్‌లని చూశాను, తోడు శరీరాన్ని చూసినవి తొందరగా తిండి మొదలుపెడతాయని నా అనుభవం. గారె వచ్చి చెవి వాసన చూసింది, ఒకసారి ముక్కుతో తోసింది, వెళ్లి గడ్డి దగ్గర కూర్చుంది. సాయంత్రం వాళ్ల బంధువుల పొలంలో పూడ్చారు, కుక్కలు తవ్వకుండా లోతుగా.

తర్వాత పట్టీ ఆగలేదు. పేజీ తిప్పి గారె పేరు రాశారు. మొదటి రెండ్రోజులు కొత్తిమీరకి "గై", మూడో రోజు "హా". పదో రోజుకి 905 గ్రాములు. ఇంకో తోడు తెద్దామా అని మనవరాలు అడిగిందట. గినీ పిగ్‌ని ఒంటరిగా ఉంచడం మంచిది కాదు, స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి అలా ఉంచకూడదని నిబంధనే ఉంది. కానీ ముందు గారె పొట్ట చూడాలి. దానికీ నాలుగేళ్లు దాటాయి, డొక్కల దగ్గర బొచ్చు ఇంకా ఒత్తుగానే ఉంది. ఏప్రిల్ రెండో వారంలో స్కానింగ్‌కి తీసుకురమ్మన్నాను. సంచులు చిన్నగా ఉన్నప్పుడే కనిపిస్తే దానికి ఆపరేషన్ చెప్పేస్తాను.